మోరోవిండ్‌లో తొలి అడుగులు: ఏ వర్గంలో చేరాలి, ఎవరి మాట నమ్మాలి, కత్తి ఎలా తగలాలి

సేడా నీన్ అనే చిత్తడి ఊళ్లో ఓడ దిగుతారు. ఊరు దాటగానే నీళ్ల ఒడ్డున ఓ పీత కనిపిస్తుంది. కత్తి తీసి ఊపుతారు. కత్తి పీత లోంచి దూసుకెళ్లినట్టు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, దెబ్బ మాత్రం పడదు. మళ్లీ ఊపుతారు, మళ్లీ అంతే. ఈలోగా పీత మిమ్మల్ని సగం చంపేస్తుంది. మోరోవిండ్ అనే ఈ వీడియో గేమ్ మొదలుపెట్టి వదిలేసినవాళ్లలో చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. అదే సిరీస్‌లో తర్వాత వచ్చిన స్కైరిమ్ ఆడి, "దీని పాత భాగం కూడా చూద్దాం" అని వచ్చినవాళ్లకి మరీ ఒళ్లు మండుతుంది.

2002 మేలో బెథెస్డా విడుదల చేసిన గేమ్ ఇది. ఇప్పుడు అమ్ముతున్న గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్‌లో ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ అనే రెండు ఎక్స్‌పాన్షన్లూ (తర్వాత చేర్చిన అదనపు భాగాలు) కలిసే వస్తాయి. పాత ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా ఆడుతుంది. ఓపెన్‌ఎండబ్ల్యూ అనే ఉచిత ఇంజిన్ వేసుకుంటే ఇంకా సాఫీగా ఉంటుంది, కాకపోతే దానికి అసలు గేమ్ ఫైళ్లు మీరు కొనుక్కుని ఉండాలి.

ముందే ఒక మాట. ఈ గేమ్‌లో వర్గాలు (మీరు చేరగలిగే గిల్డ్‌లు, హౌస్ అనే పెద్ద వంశాలు, సైన్యం లాంటివి), కథ, యుద్ధం అన్నీ ఒకే ముడికి కట్టి ఉంటాయి. ఓడ దిగిన ఐదు నిమిషాల్లో మీరు ఎంచుకునే స్కిల్ లిస్టే మీ కత్తి తగులుతుందో లేదో తేలుస్తుంది. ఏ గిల్డ్ మీకు ప్రమోషన్ ఇస్తుందో కూడా ఆ లిస్టే తేలుస్తుంది. అందుకే ముందు వర్గం, తర్వాత క్యారెక్టర్, ఆ తర్వాతే కత్తి. (కథలో అసలు గొడవ ఏమిటన్నది కింద చెప్తాను గానీ ముగింపు చెప్పను.)

మొదటి పని: క్యారెక్టర్ చేసే ముందే వర్గం తేల్చుకోండి

మామూలుగా అందరూ ముందు జాతి, క్లాస్ ఎంచుకుని, ఆడుతూ ఆడుతూ ఏదో ఒక గిల్డ్‌లో చేరతారు. ఇక్కడ అలా చేస్తే పదిహేను గంటల తర్వాత ఇరుక్కుంటారు. ఎందుకంటే ప్రతి వర్గానికీ తనకు ఇష్టమైన స్కిల్స్ ఆరు ఉంటాయి. పని చేసిపెట్టినంత మాత్రాన ర్యాంకు రాదు. ఆ ఆరింటిలో ఒకటి బాగా పెరగాలి, ఇంకో రెండు ఓ మాదిరిగానైనా ఉండాలి. పై ర్యాంకులకి వెళ్లేసరికి ఆ ఒక్క స్కిల్ 90 దాకా అడుగుతారు. మంత్రాలు పెద్దగా రాని మనిషి మంత్రగాళ్ల కాలేజీకి పెద్ద కావడం స్కైరిమ్‌లో కుదురుతుంది, ఇక్కడ మేజెస్ గిల్డ్‌లో కింది మెట్టు దగ్గరే ఆపేస్తారు. నాకైతే ఇదే నచ్చుతుంది, పదవికి అర్హత అడిగే గేమ్ ఇంకోటి చూపించండి.

అదృష్టం ఏమిటంటే వర్గాల స్కిల్స్ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ కలిసే చోటే చూసుకోవాలి.

కత్తి మనిషి అయితే హౌస్ రెడోరాన్, ఫైటర్స్ గిల్డ్, ఇంపీరియల్ లీజియన్. లాంగ్ బ్లేడ్, హెవీ ఆర్మర్ ఈ మూడింటికీ కావాల్సినవే. ఆర్మరర్ స్కిల్ రెడోరాన్‌కీ ఫైటర్స్ గిల్డ్‌కీ పనికొస్తుంది, బ్లాక్ ఫైటర్స్ గిల్డ్‌కీ లీజియన్‌కీ పనికొస్తుంది, అథ్లెటిక్స్ రెడోరాన్‌కీ లీజియన్‌కీ పనికొస్తుంది. అంటే ఈ ఐదూ మేజర్ స్కిల్స్‌లో పెట్టేస్తే మూడు వర్గాల మెట్లూ ఒకేసారి ఎక్కొచ్చు.

దొంగ బుద్ధి అయితే హౌస్ హ్లాలు, థీవ్స్ గిల్డ్, మోరాగ్ టాంగ్. షార్ట్ బ్లేడ్, లైట్ ఆర్మర్, మార్క్స్‌మన్ మూడింటికీ ఉమ్మడి.

మంత్రగాడైతే లెక్క ఇంకా తేలిక. మేజెస్ గిల్డ్‌కీ హౌస్ టెల్వాన్నికీ డిస్ట్రక్షన్, ఆల్టరేషన్, ఇల్యూజన్, మిస్టిసిజం, ఎన్‌చాంట్ ఐదూ ఒకటే. విచిత్రం ఏమిటంటే ఈ రెండు వర్గాలకీ పడదు. అది తర్వాత చూద్దాం.

మొదటిసారి ఆడేవాళ్లకి నా సలహా కత్తి దారే. మంత్రగాడి దారి చివర్లో అందరికంటే బలంగా ఉంటుంది గానీ మొదట్లో నరకం. మంత్రాలకి ఖర్చయ్యే శక్తి, మ్యాజికా, దానంతట అది నిండదు. పడుకుంటే నిండాలి, లేదా మందు తాగాలి. పుట్టిన రాశి అట్రోనాక్ తీసుకుంటే పడుకున్నా నిండదు.

రెండో పని: సెన్సస్ ఆఫీసులో ఏం నొక్కాలి

ఓడ దిగగానే మీ క్యారెక్టర్ వివరాలు రాసుకునే చోటు ఇది. జాతుల్లో రెడ్‌గార్డ్ తీసుకోండి. లాంగ్ బ్లేడ్‌కి 15 బోనస్ ఆ జాతికే ఉంది. క్లాస్ అడిగినప్పుడు రెడీమేడ్ వాటి జోలికి పోకుండా సొంతంగా చేసుకునే ఆప్షన్ నొక్కండి. స్పెషలైజేషన్ కంబాట్. ఇష్టమైన గుణాలు స్ట్రెంగ్త్, ఎండ్యూరెన్స్. ఎండ్యూరెన్స్ ఎందుకంటే ప్రతి లెవెల్‌కీ హెల్త్ పెరిగేది దానిలో పదో వంతు లెక్కన. మొదట్లోనే అది ఎక్కువ ఉంటే ప్రతి లెవెల్‌కీ లాభం, ఆలస్యంగా పెంచితే పోయిన హెల్త్ తిరిగి రాదు. రాశుల్లో లేడీ తీసుకోండి, ఎండ్యూరెన్స్ 25, పర్సనాలిటీ 25 ఊరికే వస్తాయి. జనం కాస్త మర్యాదగా కూడా మాట్లాడతారు.

ఇప్పుడు పీత సంగతి. మేజర్ స్కిల్స్ 30 దగ్గర మొదలవుతాయి, మైనర్ 15 దగ్గర, మిగతావి 5 దగ్గర. స్పెషలైజేషన్‌కి ఇంకో 5. మన రెడ్‌గార్డ్ లాంగ్ బ్లేడ్ మేజర్‌లో పెట్టుకుంటే 30, జాతి బోనస్ 15, స్పెషలైజేషన్ 5, మొత్తం 50.

దెబ్బ తగిలే అవకాశాన్ని గేమ్ లోపల ఇలా లెక్కేస్తుంది: ఆయుధం స్కిల్, దానికి ఎజిలిటీలో ఐదో వంతు, లక్‌లో పదో వంతు కలుపుతుంది. మొత్తాన్ని మీ ఫెటీగ్‌తో, అంటే ఇంకా ఎంత ఓపిక ఉందో చూపే ఆకుపచ్చ గీతతో గుణిస్తుంది. గీత నిండుగా ఉంటే 1.25, పూర్తిగా ఖాళీ అయితే 0.75. అందులోంచి ఎదుటివాడు తప్పించుకునే శక్తి తీసేస్తుంది, దానికీ వాడి ఎజిలిటీ, లక్, ఫెటీగ్ ఇదే పద్ధతిలో లెక్క.

మన మనిషి ఎజిలిటీ 40, లక్ 40. అంటే 50 + 8 + 4 = 62. ఫెటీగ్ నిండుగా ఉంటే 77. ఎదుటివాడికీ ఎజిలిటీ, లక్ 40 చొప్పున ఉండి, వాడూ అలిసిపోకుండా ఉంటే 15 పోతుంది. మిగిలింది 62 శాతం. పది దెబ్బల్లో ఆరు తగులుతాయి. బానే ఉంది కదా. ఇప్పుడు అదే మనిషి ఊరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఆకుపచ్చ గీత ఖాళీ చేసుకుని కొడితే? 31 శాతం. సగానికి సగం ఎగిరిపోయింది. ఇక స్కిల్ 5 ఉన్న ఆయుధం ఏదో దొరికింది కదా అని పట్టుకుంటే, ఫెటీగ్ నిండుగా ఉన్నా 6 శాతం, ఖాళీగా ఉంటే సున్నా. అక్షరాలా సున్నా. రోజంతా ఊపినా తగలదు.

గేమ్ కొత్తవాడి చేతికి ఇచ్చే మొదటి ఆయుధం తరచుగా చిన్న కత్తి, అంటే షార్ట్ బ్లేడ్. లాంగ్ బ్లేడ్ మనిషి దాంతో పీత మీదకి వెళ్తే పైన చెప్పిన గతే. సేడా నీన్‌లో అర్రిల్ దుకాణం ఉంది. చేతిలో ఉన్న డబ్బులు ముందు ఓ పొడుగు కత్తికి పెట్టండి.

మూడో పని: ఊరు వదిలే ముందు

సెన్సస్ ఆఫీసు పెరట్లో ఓ పీపా ఉంటుంది, అందులో ఉంగరం. బయటికి రాగానే ఫార్గాత్ అనే పొట్టి ఎల్ఫ్ "నా ఉంగరం చూశారా" అని అడుగుతాడు. ఇచ్చెయ్యండి. ఉంగరం విలువైనదే గానీ, ఇస్తే అతని స్నేహితుడైన దుకాణదారు అర్రిల్‌కి కూడా మీ మీద గురి కుదురుతుంది, బేరం కలిసొస్తుంది. ఈ గేమ్‌లో అభిమానం అనేది లెక్క పెట్టే అంకె. అది ఉంటే ధర తగ్గుతుంది, రహస్యం బయటపడుతుంది.

తర్వాత చిత్తడి నేలలో కాసేపు పుట్టగొడుగులు ఏరండి. లుమినస్ రసూలా, వయొలెట్ కొప్రైనస్, బంగ్లర్స్ బేన్, హైఫా ఫేషియా అని నాలుగు రకాలు ఈ బిట్టర్ కోస్ట్ చుట్టుపక్కలే దొరుకుతాయి. బల్మోరా మేజెస్ గిల్డ్‌లో అజీరా అనే పిల్లి మనిషి మొదటి పనిగా అడిగేది ఇవే. మంత్రగాడు కాకపోయినా గిల్డ్‌లో చేరి ఆ చిన్న పనులు చేసుకోవచ్చు. గిల్డ్ గైడ్లు బల్మోరా, ఆల్డ్‌రూన్, వివెక్, సద్రిత్ మోరా, కాల్డెరా మధ్య కాసిని నాణేలకి రెప్పపాటులో చేరవేస్తారు. ఆ సౌకర్యం మీ కాళ్లని చాలా కాపాడుతుంది.

బయటికి నడుస్తుంటే ఆకాశంలోంచి కేక వినిపించి ఓ మంత్రగాడు మీ ముందు పడి చచ్చిపోతాడు. భయపడకండి, బగ్ కాదు. అతని జేబులో మూడు స్క్రోల్స్ (మంత్రం రాసిన కాగితాలు) ఉంటాయి. చదివితే కొండలు దాటేలా గెంతుతారు, కానీ ఆ శక్తి ఏడు సెకన్లే ఉంటుంది, మీరు కిందపడేది దాని తర్వాత. ఎగరడానికి ఒకటి వాడితే దిగడానికి రెండోది గాల్లో ఉండగానే చదవాలి. ఆ మంత్రగాడికి తట్టనిది అదే.

ఊరి పక్కనే అడ్డమసార్టస్ అనే గుహ ఉంది. బానిసల్ని దొంగచాటుగా తెచ్చే ముఠా అందులో. ఖజీట్ (పిల్లి మనుషులు), ఆర్గోనియన్ (బల్లి మనుషులు) జాతివాళ్లని చేతులకి కడియాలు వేసి బంధిస్తారు. ముఠాని చంపాక తాళంచెవి దొరుకుతుంది, విడిపించండి. ఆట జరిగే ఈ దీవిలో బానిసత్వం చట్టబద్ధం, కొన్ని హౌస్‌లు దాని మీదే బతుకుతాయి, దానికి ఎదురుగా ట్విన్ ల్యాంప్స్ అని రహస్య సంఘం ఒకటి పనిచేస్తుంది. చరిత్ర పుస్తకం తెరవకముందే గేమ్ మీకు ఈ సమాజం ఎలాంటిదో గుహలో చూపించేసింది.

నాలుగో పని: బల్మోరా వెళ్లి, అసలు కథని పక్కన పెట్టడం

సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు బండి ఎక్కి బల్మోరా వెళ్లండి. అక్కడ కేయస్ కొసాడెస్ అని చొక్కా లేకుండా ఉండే పెద్దమనిషి ఉంటాడు. చూస్తే మత్తుకి అలవాటు పడిన ముసలాయన, నిజానికి చక్రవర్తి గూఢచారులకి ఇక్కడ పెద్ద. సెన్సస్ ఆఫీసులో మీకు ఇచ్చిన ప్యాకెట్ ఇస్తే 200 నాణేలు చేతిలో పెట్టి, ముందు ఏదైనా గిల్డ్‌లో చేరి అనుభవం సంపాదించుకుని రమ్మంటాడు. కొత్తవాళ్లు దీన్ని మాటవరసకి అన్నాడనుకుంటారు. అది నిజమైన సలహా. మూడో నాలుగో లెవెల్ వచ్చేదాకా ఆయన దగ్గరికి తిరిగి వెళ్లకండి.

బల్మోరా ఫైటర్స్ గిల్డ్‌లో ఎయ్‌డిస్ ఫైర్-ఐ దగ్గర చేరండి. మొదటి పని ఊళ్లో ఒకావిడ ఇంట్లో ఎలుకలు చంపడం. నవ్వొచ్చే పనే, కానీ కత్తి అలవాటు చేసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

క్వెస్ట్ ఎక్కడో చూపించే బాణం గుర్తు ఈ గేమ్‌లో లేదని ఈపాటికి తెలిసి ఉంటుంది. "వంతెన దాటి, నది వెంట ఉత్తరంగా" అని మనుషులు నోటితో చెప్తారు, అది జర్నల్‌లో చేరుతుంది. కొన్నిసార్లు ఆ చెప్పింది తప్పు కూడా. దారి తప్పడం ఇక్కడ ఆటలో భాగం, టెన్షన్ పడకండి.

ఐదో పని: కొట్లాట

లెక్క తెలిసింది కాబట్టి పద్ధతి తేలికే. శత్రువు కనిపించగానే పరుగు ఆపండి. క్యాప్స్ లాక్ నొక్కితే పరుగు నడకలోకి మారుతుంది. నడుస్తూ ఉంటే ఆకుపచ్చ గీత నిండుతుంది, పరుగెత్తితే కరుగుతుంది. దూరం వెళ్లేటప్పుడు పరుగెత్తండి, గుహ గుమ్మం దగ్గర ఆగి ఊపిరి తీసుకోండి. మంత్రం పలుకుతుందా లేదా అన్నది కూడా ఫెటీగ్ మీదే ఆధారపడుతుంది కాబట్టి మంత్రగాళ్లకీ ఇదే సూత్రం.

మౌస్ టకటకా నొక్కకండి. నొక్కి పట్టుకుని, చెయ్యి పూర్తిగా వెనక్కి వెళ్లాక వదలండి. కత్తికి 4 నుంచి 20 అని ఉంటే, టక్కున నొక్కితే 4 వైపు పడుతుంది, పూర్తిగా లాగి వదిలితే 20 వైపు. నిలబడి కొడితే నరకడం, పక్కకి జరుగుతూ కొడితే కోయడం, ముందుకో వెనక్కో కదులుతూ కొడితే పొడవడం. ఒక్కో ఆయుధానికి ఒక్కోటి బలం, ఈటెతో నరికితే పైసా పని జరగదు. ఇదంతా తలనొప్పి అనిపిస్తే ఆప్షన్స్‌లో ఎప్పుడూ మంచి దెబ్బే వాడమనే టిక్కు ఉంది, పెట్టేయండి. చిన్నతనం ఏమీ లేదు.

సమాధుల్లోకి వెళ్లే ముందు వెండి ఆయుధం ఒకటి కొనుక్కోండి. ఈ జనం తమ పూర్వీకుల ఆత్మల్నే సమాధులకి కాపలా పెట్టుకుంటారు. ఆ ఆత్మలకి మామూలు ఇనుప కత్తి తగలదు. స్కిల్ 100 ఉన్నా తగలదు. వెండిదో, మంత్రించిందో కావాలి. కేయస్ మొదట్లో ఇచ్చే పనుల్లోనే ఓ సమాధి ఉంది, అక్కడ ఇరుక్కుంటే ఇది గుర్తొస్తుంది.

బోన్‌వాకర్లు అనే నడిచే శవాలు ఇంకో రకం. అవి మీ హెల్త్‌తో పాటు స్ట్రెంగ్త్ కూడా తినేస్తాయి. మోయగలిగే బరువు స్ట్రెంగ్త్‌కి ఐదింతలు కాబట్టి, స్ట్రెంగ్త్ పడిపోగానే సంచి బరువుకి అడుగు కూడా వేయలేక గుహ మధ్యలో బొమ్మలా నిలబడిపోతారు. పడుకుంటే తగ్గదు. స్ట్రెంగ్త్ తిరిగి తెచ్చే మందు ఒకటి సంచిలో ఉంచుకోండి. సుజమ్మా అనే నాటుసారా కూడా నిమిషం పాటు 50 స్ట్రెంగ్త్ ఇస్తుంది, అది తాగి బయటపడొచ్చు. కొట్టే ముందు తాగినా దెబ్బ బరువు బాగా పెరుగుతుంది. ఇంటెలిజెన్స్ తగ్గుతుందనుకోండి, కత్తి మనిషికి దాంతో ఏం పని.

రెండు రకాల స్క్రోల్స్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. అల్మ్‌సివి ఇంటర్వెన్షన్ దగ్గర్లో ఉన్న టెంపుల్‌కి (స్థానిక మతం గుడి) చేరుస్తుంది, డివైన్ ఇంటర్వెన్షన్ దగ్గర్లోని ఇంపీరియల్ గుడికి. సంచి నిండా సరుకుతో, చుట్టూ శత్రువులతో ఉన్నప్పుడు వాటి విలువ తెలుస్తుంది. మంత్రం మీరు చదివితే తప్పిపోవచ్చు గానీ, స్క్రోల్ గానీ మంత్రించిన ఉంగరం గానీ వాడితే ఎప్పుడూ తప్పదు. స్కిల్ సున్నా అయినా సరే. కత్తి మనుషులు ఈ సంగతి తెలియక నిప్పుల ఉంగరాల్ని అమ్మేసుకుంటారు.

క్లిఫ్ రేసర్లు అనే ఎగిరే జంతువుల గురించి చెప్పేదేం లేదు. కొండకి వీపు ఆనించి నిలబడండి, కిందికి దిగినప్పుడు కొట్టండి, తిట్టుకోండి.

ట్రైబ్యునల్ ఎక్స్‌పాన్షన్ ఉంటే ఇంకో చిక్కు: మొదటి రోజుల్లోనే పడుకున్నప్పుడు డార్క్ బ్రదర్‌హుడ్ హంతకుడు వచ్చి లేపుతాడు. పడుకునే ముందు సేవ్ చేసుకోండి. చంపగలిగితే వాడి కవచం మంచి ధర పలుకుతుంది. చంపలేకపోతే పారిపోండి, ఊళ్లో కాపలావాళ్ల దగ్గరికి లాక్కెళ్లండి.

ఆరో పని: గిల్డ్ మాట గుడ్డిగా వినకండి

ఎలుకల తర్వాత ఒకట్రెండు పనులయ్యాక ఎయ్‌డిస్ ఒక కోడ్ పుస్తకం తెమ్మంటుంది. అది సౌత్ వాల్ కార్నర్‌క్లబ్‌లో సొటిల్డే అనే ఆవిడ దగ్గర ఉంటుంది. ఏమిటా పుస్తకం, ఎవరిదీ అని అడిగితే ఎయ్‌డిస్ సరిగ్గా చెప్పదు. ఆ క్లబ్ థీవ్స్ గిల్డ్ అడ్డా. మీరు అక్కడ కత్తి తీస్తే దొంగల గిల్డ్ అంతా మీ మీద పడుతుంది.

ఇక్కడ ఆగి ఊళ్లో నలుగురితో మాట్లాడితే అసలు విషయం బయటపడుతుంది. వివెక్‌లో ఉన్న ఫైటర్స్ గిల్డ్ పెద్ద స్యోరింగ్ హార్డ్-హార్ట్, కమోనా టాంగ్ అనే స్థానిక మాఫియా గుప్పిట్లో ఉన్నాడు. ఆ మాఫియాకి పరాయి వాళ్లంటే పడదు, థీవ్స్ గిల్డ్ పరాయి దేశం నుంచి వచ్చిన పోటీ. అందుకని ఫైటర్స్ గిల్డ్‌ని కిరాయి గూండాల్లా వాడుకుని దొంగల్ని తుడిచిపెట్టాలని చూస్తోంది. చెప్పిందల్లా చేసుకుంటూ పోతే చివరికి థీవ్స్ గిల్డ్ పెద్దల్ని మీ చేత్తోనే చంపిస్తారు, అప్పుడు ఆ గిల్డ్ తలుపు మీకు మూసుకుపోతుంది.

వేరే దారి ఉంది. ఆల్డ్‌రూన్ ఫైటర్స్ గిల్డ్‌లో పెర్సియస్ మెర్సియస్‌ని కలవండి. గిల్డ్‌ని లోపల్నుంచే శుభ్రం చేసే దారి ఆయన చూపిస్తాడు. థీవ్స్ గిల్డ్ వైపు నుంచి వెళ్తే జిమ్ స్టేసీ ఇంకో పథకం చెప్తాడు: ఎయ్‌డిస్ క్లావికస్ వైల్ అనే డేడ్రాకి (వేరే లోకపు శక్తి) భక్తురాలు కాబట్టి బిట్టర్ కప్ అనే పాత్ర తెచ్చిస్తే ఆవిడ్ని మన వైపు తిప్పుకోవచ్చని. ఒకే గొడవకి రెండు వైపుల నుంచీ పరిష్కారాలు రాసిపెట్టారు. ఒక్క గిల్డ్ మాటే వింటే సగం ఆటే చూస్తారు.

మంత్రగాళ్లకీ ఇలాంటిదే. మేజెస్ గిల్డ్ పెద్ద ట్రెబోనియస్, ఆయనకి తెలివి కాస్త తక్కువ, టెల్వాన్ని పెద్దలందర్నీ చంపి రమ్మంటాడు. మీరు ఆ హౌస్‌లో ఉంటే చంపాల్సింది మీ వాళ్లనే. చెయ్యకపోయినా నష్టం లేదు.

హంతకుల సంఘం మోరాగ్ టాంగ్ మాత్రం ఇక్కడ అక్షరాలా చట్టబద్ధం. ఎవర్ని చంపాలో రాతపూర్వకంగా ఇస్తారు. నడి ఊళ్లో పని ముగించి, కాపలావాడు పట్టుకుంటే ఆ కాగితం చూపించండి, దండం పెట్టి వదిలేస్తాడు. కాగితం లేకుండా ఎవరితోనైనా గొడవ ఉంటే మాటల్లో రెచ్చగొట్టండి. వాడు ముందు చెయ్యి ఎత్తితే నేరం వాడిది.

ఏడో పని: హౌస్

రెడోరాన్, హ్లాలు, టెల్వాన్ని మూడింటిలో ఒక్కదానిలోనే చేరగలరు. ఒకసారి చేరితే అంతే. కాబట్టి చేరే ముందు మూడు ఊళ్లూ చూసి రండి.

హ్లాలు వాళ్లది బల్మోరా. వ్యాపారం, లంచం, సామ్రాజ్యంతో సర్దుబాటు. రెడోరాన్ వాళ్లది ఆల్డ్‌రూన్, చచ్చిపోయిన పెద్ద పీత డొల్లలో వాళ్ల పెద్దల ఇళ్లు. పరువు, మాట, యుద్ధం. టెంపుల్‌తో దగ్గరి సంబంధం. టెల్వాన్ని వాళ్లు తూర్పున సద్రిత్ మోరాలో పుట్టగొడుగు బురుజుల్లో ఉంటారు. ఆ బురుజుల్లో మెట్లుండవు, పైకి ఎగరడం రాకపోతే పెద్దల్ని కలవలేరు. అర్హత పరీక్ష కట్టడంలోనే ఉందన్నమాట.

మూడు హౌస్‌లూ కొన్నాళ్లకి మీకు సొంత కోట కట్టిస్తాయి, హ్లాలుకి ఓడై పీఠభూమి మీద, రెడోరాన్‌కి బల్ ఇస్రాలో, టెల్వాన్నికి ఉవిరిత్స్ గ్రేవ్‌లో. మన రెడ్‌గార్డ్‌కి రెడోరాన్. ఆల్డ్‌రూన్ కౌన్సిల్ హాల్లో నెమిందాని అడిగితే చేర్చుకుంటుంది.

ఎనిమిదో పని: ఎవరి మాట నమ్మాలి

ఆడుతూ ఉంటే నెరెవార్ అనే పేరు పదే పదే వినిపిస్తుంది. ఎన్నో ఏళ్ల కిందట రెడ్ మౌంటెన్ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. డ్వేమర్ జాతి మొత్తం ఒక్కసారిగా మాయమైంది. జనాన్ని నడిపించిన నెరెవార్ చచ్చిపోయాడు. ఎలా చచ్చిపోయాడన్న దగ్గరే గొడవంతా.

టెంపుల్ వాళ్లని అడగండి. యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడు, అతని నేస్తాలు వివెక్ (నగరానికి ఇతని పేరే), అల్మలెక్సియా, సోథా సిల్ తమ పుణ్యబలంతో దేవుళ్లయ్యారు అంటారు. బూడిద నేలల్లో గుడారాలు వేసుకుని తిరిగే యాష్‌లాండర్లని అడగండి. ఆ ముగ్గురే అతన్ని చంపి, వాడొద్దని ప్రమాణం చేసిన పనిముట్లతో దైవశక్తి దొంగిలించారు, అందుకే అజురా అనే దేవత శపించి ఈ జనం బంగారు రంగు చర్మాన్ని బూడిద రంగు చేసింది అంటారు. రెడ్ మౌంటెన్ లోపల ఉన్న డాగోత్ ఉర్ దగ్గర మూడో కథ ఉంది. నేను కాపలా ఉండమంటే ఉన్నాను, నమ్మినవాడే నన్ను పొడిచాడు అని. చివర్లో వివెక్ నోటి నుంచి ఇంకోటి వింటారు.

గేమ్ ఎక్కడా "ఇదే నిజం" అని తేల్చదు. అందుకే చదివే పద్ధతి మార్చుకోండి. ప్రతి పుస్తకం, ప్రతి మనిషి దగ్గరా రెండే ప్రశ్నలు: ఇతను ఎవరి మనిషి, ఈ కథ నిజమైతే ఇతనికి ఏం లాభం? టెంపుల్ కథ నిజమైతేనే టెంపుల్‌కి అధికారం. యాష్‌లాండర్ల కథ నిజమైతే తమ భూమి లాక్కున్నవాళ్లు హంతకులవుతారు. అనుమానం వచ్చిన పూజారుల్ని టెంపుల్ ఏం చేస్తుందో చూడాలంటే వివెక్ నగరం నెత్తిన వేలాడే బండరాయి వైపు తలెత్తండి. దాని లోపల జైలు. పేరు సత్య మంత్రిత్వ శాఖ. ఇంకేం చెప్పాలి.

ఇదంతా పుస్తక జ్ఞానమే కదా అనుకుంటే ఓ ప్రయోగం చెప్తాను, ముందు సేవ్ చేసుకోండి. వివెక్‌లో బంగారు ముఖం తొడుగుతో తిరిగే ఆర్డినేటర్లు టెంపుల్ సైన్యం. వాళ్లు తొడుక్కునే ఇండోరిల్ కవచం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఆటలో దొరికే మంచి కవచాల్లో ఒకటి. ఎలాగో సంపాదించి తొడుక్కుని ఓ ఆర్డినేటర్‌తో మాట్లాడండి. పవిత్రమైన కవచం మీ ఒంటి మీద చూసి వాడు చంపడానికి వస్తాడు. ఆ తర్వాత కవచం విప్పేసినా ఆర్డినేటర్ల పగ పోదు. వాళ్లు నగరం నిండా ఉంటారు. అప్పుడు మీ లాంగ్ బ్లేడ్ 50 ఏ మూలకీ చాలదు. ఆ కవచం అమ్ముకోండి, తొడుక్కోకండి.

చివరగా, చంపకూడనివాళ్లు

కథ ముందుకెళ్తే మూడు హౌస్‌ల పెద్దలూ నాలుగు యాష్‌లాండర్ తెగలూ మిమ్మల్ని ఒప్పుకోవాల్సిన ఘట్టం వస్తుంది. అప్పటిదాకా ఏ కౌన్సిల్ సభ్యుడితోనూ అనవసరంగా కత్తి దాకా తెచ్చుకోకండి. ఈ గేమ్‌లో ఎవర్నయినా చంపొచ్చు, కథకి కావాల్సినవాళ్లని కూడా. అలాంటివాళ్లు పోతే, భవిష్యవాణి దారం తెగిపోయింది, పాత సేవ్‌కి వెళ్తారా లేక మీరు తెచ్చుకున్న ఈ పాడైన లోకంలోనే ఉంటారా అని మెసేజ్ వస్తుంది. మొదటిసారి ఆడుతుంటే పాత సేవ్‌కే వెళ్లండి. ప్రతి పెద్ద క్వెస్ట్‌కి ముందు వేరే పేరుతో సేవ్ పెట్టుకోవడం అందుకే. రెండోసారి ఆడేటప్పుడు మాత్రం ఆ మెసేజ్‌ని పట్టించుకోకుండా ముందుకెళ్లి చూడండి. వివెక్‌నే చంపినా కథ పూర్తి చేసే దొడ్డిదారి ఒకటి రాసిపెట్టారు. టెల్ ఫిర్ అనే బురుజు కింద ఉండే ఓ రోగి దానికి తాళంచెవి.